రాసేకొద్దీ బరువెక్కిన డైరీ: భార్యను పోగొట్టుకున్న ఒక భర్త కేసు

ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకి చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: "మనసులో ఉన్నదంతా రాసెయ్యండి, తేలికవుతుంది." ఈ కేసులోని వ్యక్తి ఆ సలహా పాటించారు. రోజూ రాశారు, నెలల తరబడి రాశారు. రాసేకొద్దీ నిద్ర తగ్గింది, మాట తగ్గింది, బాధ పెరిగింది. రాత మాన్పించకుండా రాసే పద్ధతి మార్చాక పరిస్థితి మెరుగుపడింది. ఏ దశలో ఏం ఆలోచించి ఏ నిర్ణయం తీసుకున్నామో దుఃఖంలో ఉన్నవారితో పనిచేసే కౌన్సెలర్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. ఆయన అనుమతి ఉంది. వయసు, వృత్తి, కుటుంబం, చికిత్సకు సంబంధించిన వివరాలు మార్చాను. ఆయన రాతల్లోంచి ఒక్క వాక్యం కూడా యథాతథంగా ఇవ్వలేదు.

నేపథ్యం

అరవై దాటిన వ్యక్తి. లెక్కలు, రికార్డులతో నడిచే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. 30 ఏళ్లకు పైబడిన దాంపత్యం. పిల్లలు దూరంగా ఉంటున్నారు. భార్యకు క్యాన్సర్ వస్తే 14 నెలల పాటు ఇంట్లో అన్నీ తానే అయి చూసుకున్నారు. ఆ 14 నెలలూ ఒక పుస్తకం రాశారు: ఏ మాత్ర ఎన్ని గంటలకు, జ్వరం ఎంత, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగింది, నొప్పి పదికి ఎంత. దీన్ని మందుల పుస్తకం అందాం, ముందు ముందు దీనితో పని ఉంది.

కీమోథెరపీ తర్వాత తెల్లకణాలు పడిపోయిన వారంలో ఆమెకు జ్వరం వచ్చింది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఐసీయూలో నాలుగు రోజులు ఉండి చనిపోయారు.

వచ్చినప్పటి సమస్య

భార్య పోయిన ఎనిమిదో నెలలో కూతురి బలవంతం మీద వచ్చారు. రాత్రి పదింటికి డైరీ తెరిస్తే మూసేసరికి ఒంటిగంట. పడుకున్నా మళ్లీ మెలకువ, మళ్లీ డైరీ. పగలు ఫోన్లు ఎత్తడం లేదు. బ్యాంకు, ఇన్సూరెన్స్ కాగితాలు తెరవని కవర్లలోనే ఉన్నాయి. ఆమె గది తలుపు మూసే ఉంది.

అంచనా వేసేటప్పుడు మొదట చూసింది ప్రాణాపాయం సంగతి, అంటే ఆత్మహత్య ప్రమాదం. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి, మొత్తం 27 మార్కులు. మార్కు ఎంత ఎక్కువైతే డిప్రెషన్ అంత తీవ్రం. ఈయనకు 15 వచ్చింది. చావు ఆలోచనల గురించి అడిగే చివరి ప్రశ్నకు "కొన్ని రోజులు" అని గుర్తు పెట్టారు. అలాంటి గుర్తు కనబడితే నేరుగా అడగాలి: చనిపోవాలని ఉందా, ఎలా అని ఆలోచించారా, అందుకు కావలసింది ఇంట్లో ఉందా? ఆమెతోపాటే పోయుంటే బాగుండేదని ఆయన అన్నారు. ప్రయత్నం, పథకం లేవు. అయినా ఇంట్లో మిగిలిపోయిన నొప్పి మందుల్ని ఆ వారమే కూతురి చేత తీయించి, తిరిగి తీసుకునే మందుల దుకాణంలో ఇప్పించాం. క్యాన్సర్‌తో ఎవరైనా పోయిన ఇంట్లో బలమైన నొప్పి మాత్రలు మిగిలి ఉంటాయి. ఈ ప్రశ్న అడగడం చాలామంది మర్చిపోతారు.

రెండోది రోగ నిర్ధారణ. దీర్ఘకాలిక శోక రుగ్మత, అంటే నెలలు గడిచినా తగ్గకుండా బతుకును స్తంభింపజేసే దుఃఖం అనడానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 కనీసం 6 నెలలు గడవాలంటుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022లో సవరించిన మానసిక రుగ్మతల మాన్యువల్ పెద్దవాళ్లకు 12 నెలలంటుంది. ఎనిమిదో నెలలో ఉన్న ఈయన ఒక లెక్కన రుగ్మత పరిధిలో ఉన్నారు, ఇంకో లెక్కన లేరు. పేరు పెట్టడానికి తొందరపడలేదు. నిద్ర గురించి, డిప్రెషన్‌కు మందులు కావాలా అన్న దాని గురించి సైకియాట్రిస్ట్ అభిప్రాయం తీసుకున్నాం. నెలన్నర చూసి నిర్ణయిద్దామని వారన్నారు.

డైరీలో ఏముందో తెలియాలి, కానీ చూపించమని అడగకూడదు. ఆయన ఎంచుకున్న రెండు పేజీలు మాత్రం తెచ్చి, ఇష్టమైతే తానే చదవొచ్చని చెప్పాం. చదివారు. రెండు పేజీల్లోనూ ఉన్నది ఒకే రాత్రి. ఇంకాస్త ముందు ఫోన్ చేసి ఉంటే, ఆ సాయంత్రమే తీసుకెళ్లి ఉంటే, ఇంకో డాక్టర్‌ని అడిగి ఉంటే... మిగతా పేజీలూ ఇంతేనా అంటే తలూపారు. మూడు నోట్‌బుక్కుల నిండా అదే. ఆమె నవ్వు, కోపం, చదివిన పుస్తకాలు, వాళ్లిద్దరి తొలిరోజులు, ఏవీ లేవు. భార్య గురించి రాస్తున్నానని ఆయన అనుకుంటున్నారు. నిజానికి ఆ డైరీలో నడుస్తున్నది ఒక విచారణ. నిందితుడు, సాక్షి, జడ్జి, ముగ్గురూ ఆయనే. తీర్పు మాత్రం రాదు కాబట్టి ప్రతి రాత్రీ విచారణ మొదటి నుంచి మొదలవుతుంది.

డైరీ ఆపమనాలా? ఆ ఆలోచన వచ్చింది, వద్దనుకున్నాం. ఆమెతో మిగిలిన ఒకే ఒక్క తాడు అదేనని ఆయన నమ్మకం. తెంపమంటే మళ్లీ రారు. పైగా రాయడం ఈయనకు అలవాటైన పనిముట్టు, 14 నెలలు ఆ పుస్తకమే ఇంటిని నడిపింది. పనిముట్టు లాక్కోవడం కన్నా దాన్ని వేరే పనికి తిప్పడం తేలిక.

పనిచేయనివి

మొదట ప్రయత్నించింది అందరికీ తెలిసిన పద్ధతి. 1986లో మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నిబేకర్, శాండ్రా బీల్ కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమకు తగిలిన గాయం గురించి రాయించారు. అలా రాసినవాళ్లు తర్వాతి ఆరు నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గిందని చూపించారు. ఈయనకు దీన్ని ఇవ్వడానికి మా కారణం సమయ పరిమితి. మూడు గంటల రాత 15 నిమిషాలకు దిగితే అదే లాభమని లెక్క వేశాం.

మొదటి రోజు గడియారం చూసి ఆపారు. రెండో రోజు అలారం ఆపేసి తెల్లవారుదాకా రాశారు. మూడో రోజు రాయలేదు, పడక దిగలేదు. కారణం వెతికితే స్పష్టంగానే ఉంది. ఆ పద్ధతి ఎవరికీ చెప్పుకోని మాటను బయటకు తెచ్చేందుకు తయారైంది. ఈయన దాచింది ఏమీ లేదు, ఆ రాత్రిని వందలసార్లు బయటపెట్టారు. మళ్లీ బయటపెట్టమనడం నెమరువేతకు ఇంకో పూట కలపడమే. 2002లో మార్గరెట్ స్ట్రోబ్ బృందం ఇటీవల ఆప్తుల్ని పోగొట్టుకున్నవారి చేత ఇలాగే రాయించి చూసినప్పుడు బాధలో గానీ డాక్టర్ దగ్గరికి వెళ్లడంలో గానీ తేడా కనబడలేదు. మామూలు శోకానికి ఊరికే రాయించడం మందు కాదన్నమాట. ఏం రాయాలో దారి చూపకపోతే మనసు తనకు తెలిసిన గాడిలోకే పోతుంది.

తర్వాత భార్యకు ఉత్తరం రాయించాం. చాలామందికి పనికొచ్చే పద్ధతి ఇది. పోయినవారితో బంధం తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందన్న పాత అభిప్రాయం 1990ల నుంచి బాగా సడలింది. బంధం వేరే రూపంలో కొనసాగవచ్చని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. కానీ ఈయన ఉత్తరం క్షమించమనడంతో మొదలై క్షమించమనడంతోనే ముగిసింది. ఆమె వైపు నుంచి జవాబు రాసి చూడమంటే వచ్చిన జవాబు ఇంకా కఠినంగా ఉంది. అందులో ఆమె నిలదీస్తోంది. ఆమె నిజంగా అలా మాట్లాడే మనిషేనా అని అడిగితే చాలాసేపు ఆలోచించి కాదన్నారు. తన నిందనే ఆమె గొంతులో పెట్టారు. అక్కడితో ఉత్తరాలు పక్కన పెట్టాం. జవాబు ఉత్తరం రాయించే ముందు పోయినవారి అసలు గొంతు కాగితం మీదికి వచ్చి తీరాలి, లేకపోతే బాధితుడి స్వీయనింద పోయినవారి సంతకంతో తిరిగి వస్తుంది. అలా వచ్చిన కాగితం మామూలు నింద కన్నా లోతుగా దిగుతుంది.

మార్చిన పద్ధతి

ముందు మార్చింది కాలం, చోటు, కాగితం. రాత్రి పదిగంటల రాత సాయంత్రం ఐదుకు జరిగింది. పడకగదిలో కాదు, ముందుగదిలో బల్ల దగ్గర. 20 నిమిషాలకు అలారం, ఫోన్ చేయి అందని చోట, అంటే ఆపాలంటే లేచి నడవాల్సినంత దూరంలో. లేచిన మనిషి మళ్లీ కూర్చోవడానికి ఒక నిర్ణయం కావాలి, ఆ నిర్ణయం దగ్గరే మూడు గంటల రాత తెగింది. నోట్‌బుక్ బదులు విడి కాగితాలు: రోజుకు రెండు, అవి నిండితే ఆ రోజుకు అయినట్టే. నోట్‌బుక్‌లో వెనక్కి తిప్పి చదివే అలవాటు ఆయనకు బాగా చెరుపు చేసింది. రాసిన కాగితం కవర్లోకి, కవరు మీద తేదీ, వారం దాకా తెరవకూడదు, తెరిచినా పగలే. రాయడం అవగానే పది నిమిషాలు శరీరంతో చేసే పని ఏదైనా. మనసు చెదిరిపోతుందనిపిస్తే మధ్యలోనే ఆపేయాలి. రాసి తీరాలన్న పట్టు ఇందులో లేదు.

ఇదంతా చేసినా విచారణ ఆగదని తెలుసు. దానికి నేరుగా ఎదురెళ్లాల్సి వచ్చింది. కాగితాన్ని నిలువుగా మూడు గళ్లు చేశాం: "ఆ క్షణానికి తెలిసినది", "తర్వాత తెలిసినది", "ఎప్పటికీ తెలియనిది". ఆ రాత్రిని గంట గంటకూ ఈ గళ్లలో సర్దాలి. ఇక్కడ మందుల పుస్తకం అక్కరకొచ్చింది.

పుస్తకం తెరిపించే ముందు ఒక మెట్టు ఎక్కాలి, దాన్ని దాటేస్తే ప్రమాదం. పుస్తకంలో నిజంగానే ఆలస్యం బయటపడితే? అందుకే తెరవకముందే ఆయన చేత రెండు పేరాలు రాయించాం: పుస్తకం నాకు అనుకూలంగా ఉంటే ఏం చేస్తాను, వ్యతిరేకంగా ఉంటే ఏం చేస్తాను. రెండో పేరా రాయడానికి ఒక సెషన్ మొత్తం పట్టింది. వ్యతిరేకంగా ఉన్నా కూతురికి చెబుతాను, వచ్చే వారం ఇక్కడికి వస్తాను అని రాశాకే పుస్తకం తెరిచాం, అదీ సెషన్లో.

ఆయన జ్ఞాపకంలో సాయంత్రం నుంచే జ్వరం, రాత్రి దాకా చూస్తూ కూర్చున్నారు. పుస్తకంలో ఏడింటికి 99.2, తొమ్మిదింటికి 99.8, పదీ యాభైకి 100.6. హాస్పిటల్‌కు ఫోన్ చేసింది పదకొండు కాకముందే. కీమో తీసుకునేవారికి ఇచ్చే సూచన కాగితం అందులోనే అంటించి ఉంది: 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ (38 సెల్సియస్) దాటితే వెంటనే ఫోన్ చేయాలి. అంటే చెప్పినట్టే చేశారు.

అక్కడ ఆగి "చూశారా, మీ తప్పు లేదు" అనడానికి నోరు ఊరుతుంది. అనకూడదు. తొమ్మిదింటి వరసలో ఇంకో మాట ఉంది: చలిగా ఉందంది, దుప్పటి కప్పాను. సూచన కాగితంలో వణుకుతో కూడిన చలి కూడా ఫోన్ చేయాల్సిన లక్షణాల్లో ఉంది. ఆ రాత్రి ఆమె వణికిందా, ఊరికే చలన్నదా? ఆయనకు గుర్తు లేదు. మనం తప్పు లేదనేసి ఉంటే ఆ ఒక్క వరస పట్టుకుని రాత్రికి మళ్లీ మొదలయ్యేవారు, ఇకమీదట మన మాట నమ్మేవారూ కాదు. చలి అన్న మాట మొదటి గడిలోకి వెళ్లింది. చలికి అర్థం ఇన్ఫెక్షన్ అన్నది రెండో గడిలోకి. వణుకు ఉందా లేదా అన్నది మూడో గడిలోకి.

రెండు గంటలు ముందు వెళితే బతికేదా అన్నది వైద్య ప్రశ్న, కౌన్సెలర్ జవాబు చెప్పకూడదు. మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని ఆమెకు చికిత్స చేసిన డాక్టర్ దగ్గరికి కూతురితో కలిసి వెళ్లమన్నాం. ఇలాంటి ఇన్ఫెక్షన్‌లో సాధారణంగా సమయం ముఖ్యమేనని, ఆమె విషయంలో రెండు గంటలు తేడా తెచ్చేవో లేదో ఎవరూ చెప్పలేరని డాక్టర్ నిజాయితీగా చెప్పారు. ఈ జవాబుతో కుంగిపోతారేమోనని మరుసటి రోజే ఫోన్ చేశాం. కుంగలేదు. మూడో గడిలో ఆ వాక్యాన్ని రాసి కవర్లో పెట్టానన్నారు. మూడు నోట్‌బుక్కులూ ఒక తీర్పు కోసం రాసినవి, తీర్పు రాదని తెలిశాక ఆ రాతకు పని లేకుండా పోయింది. ఈ కేసులో మలుపు ఇదేనని నా అభిప్రాయం. ఓదార్పు మాట ఇవ్వలేనిది తెలియదన్న ఖచ్చితమైన జవాబు ఇచ్చింది.

ఆ తర్వాతి పని, అచ్చం తనలాంటి పరిస్థితిలో ఉన్న ఒక ఊహాజనిత వ్యక్తికి ఉత్తరం రాయడం. ఇది బిర్గిట్ వాగ్నర్ బృందం 2006లో ప్రచురించిన ఇంటర్నెట్ చికిత్సలోంచి తీసుకున్నది. అయిదు వారాలు, వారానికి రెండుసార్లు 45 నిమిషాల చొప్పున రాయించే ఆ పద్ధతిలో మధ్య దశలో ఇలాంటి ఉత్తరం ఉంటుంది. ఈయనకు 45 నిమిషాలు ఎక్కువ, 20కే ఉంచాం. తనను తాను క్షమించుకోలేని మనిషి ఎదుటివాడితో న్యాయంగా మాట్లాడగలడు. నువ్వు థర్మామీటర్ పెట్టావు, రాసుకున్నావు, కాగితంలో ఉన్నట్టు ఫోన్ చేశావు అన్న అర్థంలో ఆ ఉత్తరం నడిచింది. రాసిన వారం తర్వాత సెషన్లో ఆయన చేతే గట్టిగా చదివించి, అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇందులో మీకు వర్తించని వాక్యం ఏది? ఒకదాని కింద గీత గీశారు. మిగతావి వర్తిస్తాయని ఒప్పుకున్నట్టే.

ఒక విషయం మాత్రం ఏ గడిలోనూ ఇమడలేదు. ఐసీయూకి వెళ్లడానికి కొన్ని రోజుల ముందు, మాత్ర వేసుకోనంటే ఆయన ఆమెను గట్టిగా కసిరారు. ఇది నిజంగా జరిగింది. దీన్ని తర్కంతో తీసేయకూడదు. చేయని తప్పుకు వేసుకున్న నింద వేరు, చేసిన పనికి కలిగిన పశ్చాత్తాపం వేరు. మొదటిదాన్ని ఆధారాలతో పరిశీలించాలి, రెండోదానికి క్షమాపణ చెప్పుకునే చోటు ఇవ్వాలి. అప్పుడు మళ్లీ ఆమెకు ఉత్తరం, ఈసారి ఆ ఒక్క సంగతి గురించే, ఒక్క పేజీ.

జవాబుకు ముందు వేరే పని ఇచ్చాం. ఆమె నిజంగా అన్న మాటలు పది, అన్నవి అన్నట్టుగా: విసుక్కున్నప్పుడు అనేవి, ఫోన్ పెట్టేసే ముందు అనేవి, ఆయన ఆలస్యంగా వస్తే అనేవి. పది దొరకడానికి రెండు వారాలు పట్టింది. కూతురికి, వదినకు ఫోన్ చేసి అడిగారు. ఫోన్ ఎత్తని మనిషి ఫోన్ చేయడం మొదలుపెట్టింది ఈ పని కోసమే. తర్వాత రాసిన జవాబులో ఆ పదిలో కనీసం మూడు మాటలు రావాలని షరతు. ఈసారి వచ్చిన జవాబు చిన్నది. అందులో ఆమె కొంచెం కోప్పడుతుంది, కానీ నిలదీయదు.

ఇవన్నీ నడుస్తుండగా రోజు విడిచి రోజు వేరే కాగితం ఉండేది, పోయినదాని గురించి ఒక్క మాటా లేనిది. స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పిన ద్వంద్వ ప్రక్రియ నమూనా ప్రకారం దుఃఖంలో ఉన్న మనిషి నష్టం వైపు, బతుకు సర్దుకోవడం వైపు అటూ ఇటూ ఊగుతూ ఉండటమే ఆరోగ్యం. ఈయన ఒక వైపే ఇరుక్కున్నారు. ఈ కాగితంలో అయిదు నిమిషాలు, రేపు చేయాల్సిన మూడు పనులు, అందులో ఒకటి ఇదివరకు ఆమె చూసుకునేది. "ఇన్సూరెన్స్ పని" అని రాస్తే చాలదు. "పదకొండింటికి ఇన్సూరెన్స్ కవరు తెరవడం, అంతే" అని రాయాలి. పెద్ద పనిని అలా కోయకపోతే మర్నాడు అది చేయలేకపోయానన్న ఇంకో నింద తయారవుతుంది. దీన్ని మాత్రం పడుకునే ముందు రాయనిచ్చాం. మైకేల్ స్కలిన్ బృందం 2018లో చేసిన ప్రయోగంలో పడుకునే ముందు అయిదు నిమిషాలు చేయాల్సిన పనుల జాబితా రాసినవాళ్లు, చేసేసిన పనుల జాబితా రాసినవాళ్ల కన్నా త్వరగా నిద్రపోయారు.

ఫలితం

మా దగ్గరికి వచ్చిన నాలుగో నెలకు పీహెచ్‌క్యూ-9 మార్కు 7కి దిగింది, చివరి ప్రశ్నకు "అసలు లేదు". డిప్రెషన్ మందులు అవసరం పడలేదు. నిద్ర ఒకే పట్టున అయిదు గంటలకు వచ్చింది. ఆమె గది తలుపు తెరిచారు, సామాను ఇంకా తీయలేదు, తీయమనీ అనలేదు. సంవత్సరీకం వారంలో మళ్లీ రాత్రిపూట రాత మొదలైంది. అది వస్తుందని ముందే చెప్పి ఉంచడంతో కంగారు పడలేదు, వారంలో సాయంత్రానికి మార్చుకున్నారు. ఇప్పుడు నెలకు రెండుసార్లు ఆమెకు రాస్తున్నారు, మనవల సంగతులు ఎక్కువ.

ఇదంతా రాత వల్లేనని చెప్పలేను. కూతురు వారానికోసారి రావడం, కాలం గడవడం, డాక్టర్‌తో మాట్లాడటం, వీటిని విడదీసి కొలవడం ఒక్క కేసులో కుదరదు.

గమనించాల్సినవి

రాస్తున్నారా అని కాకుండా ఏం రాస్తున్నారు, ఎప్పుడు ఆపుతున్నారు, రాశాక ఏం చేస్తున్నారు అని అడగండి. వారం వారం పేజీల్లో కొత్త సంగతి, కొత్త మనిషి, ఒక కారణం కనబడుతుంటే రాత కదులుతున్నట్టు. అదే దృశ్యం అవే మాటల్లో మూడు వారాలు వస్తే ప్రశ్న మార్చాలి. రాశాక కాసేపు బాధ పెరగడం మామూలే, గంటా రెండు గంటల్లో దిగాలి. మర్నాడు కూడా మోస్తుంటే ఆ అంశం ఇంకా బరువైనదని అర్థం, తేలికైన దానికి వెళ్లండి.

మొదటి వారాల్లో ఇవేవీ ఇవ్వకండి. అప్పుడు కావలసింది నిద్ర, తోడు. ఆత్మహత్య ఆలోచన బలంగా ఉన్నవారికి, హఠాత్తుగా లేదా హింసాత్మకంగా జరిగిన మరణం కళ్లముందు పదేపదే మెదులుతున్నవారికి ఒంటరిగా రాసే పని ఇంటికి ఇవ్వకూడదు, సెషన్లోనే చేయాలి. మందుల పుస్తకం లాంటి ఆధారం అందరికీ ఉండదు. ఫోన్ కాల్ లాగ్, హాస్పిటల్ డిశ్చార్జి సమ్మరీ, మెసేజులు కొంతవరకు ఆ పని చేస్తాయి, కానీ రెండు పేరాల మెట్టు ఎక్కించకుండా వాటిని తెరిపించకండి. రాయడం అలవాటు లేనివారు ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు. నిమిషాల పరిమితి, వారం దాకా వినకూడదన్న షరతు దానికీ వర్తిస్తాయి.

మొదటి సెషన్లోనే తేల్చాల్సింది కాగితాల భవిష్యత్తు. ఎవరు చదవవచ్చు, రాసినవారికి ఏదైనా అయితే అవి ఎవరి చేతికి వెళ్లాలి, ఏవి చింపేయాలి అన్నది స్పష్టంగా లేకపోతే పిల్లలు చదువుతారేమోనన్న భయంతో రాసేవారు చేయి బిగబట్టుకుంటారు. ఈయన పాత మూడు నోట్‌బుక్కుల్ని తానే చింపేశారు, మందుల పుస్తకాన్ని ఉంచుకున్నారు, ఉత్తరాల కవర్ల మీద కూతురి పేరు రాశారు. కౌన్సెలర్ దగ్గర ఒక్క కాగితం కూడా ఉంచుకోలేదు.